జంప్ స్టార్టర్: డబ్బా మీది అంకె చూసి కొనకండి, కొన్నాక మూలన పడేయకండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. మీది 1.5 లీటర్ల డీజిల్ కారు. వారం పది రోజులకు ఒకసారి మాత్రమే బయటికి తీస్తారు. ఆరు నెలల్లో రెండుసార్లు సెల్ఫ్ కొడితే టిక్ టిక్ అని ఆగిపోయింది. ప్రతిసారీ ఇంకో కారు కోసం ఎదురుచూడటం ఇష్టం లేక సొంతంగా ఒక పోర్టబుల్ జంప్ స్టార్టర్, అంటే బ్యాటరీ దిగిన కారును స్టార్ట్ చేసే చిన్న డబ్బా, కొందామనుకున్నారు. తీరా చూస్తే ఒకదాని మీద 600 యాంప్స్, ఇంకోదాని మీద 2000, మరోదాని మీద 4000 అని రాసి ఉంది. ఏది తీసుకోవాలి, దాన్ని కార్లోనే వదిలేయొచ్చా, ఎన్నాళ్లకు ఒకసారి ఛార్జ్ చేయాలి అని మీ సందేహం.

ముందు జవాబు చెప్పేస్తాను. మీ కారుకు సుమారు 60 నుంచి 75 వాట్ అవర్ల (లోపల ఎంత శక్తి దాచుకుంటుందో చెప్పే కొలత) నిల్వ ఉండి, పొట్టిగా లావుగా ఉండే రాగి కేబుళ్లు, రక్షణ ఉన్న స్మార్ట్ క్లాంపులు కలిగిన లిథియం జంప్ స్టార్టర్ చాలు. పైన 2000 అని ఉందా 4000 అని ఉందా అనేది పట్టించుకోకండి. కొన్నాక మూడు నెలలకు ఒకసారి తప్పకుండా ఛార్జ్ చేయండి. ఎండలో నిలబడే కారులో నెలల తరబడి వదిలేయకండి. ఆరు నెలల్లో రెండుసార్లు బ్యాటరీ దిగిందంటే మాత్రం కారులోనే ఏదో లోపం ఉండొచ్చు. దాన్ని వెతక్కుండా జంప్ స్టార్టర్ కొనడం కారే కప్పు కింద బకెట్ పెట్టడం లాంటిది. ఆ సంగతి చివర్లో వివరంగా రాస్తాను.

నేను ఆటో ఎలక్ట్రికల్ పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. అందులో చాలాకాలం రోడ్డు మీద ఆగిపోయిన బళ్ల దగ్గరికి వెళ్లి స్టార్ట్ చేసి పంపడమే నా పని. మొదట్లో ఎనిమిది పది కిలోల లెడ్ యాసిడ్ డబ్బా మోసుకుని తిరిగేవాణ్ని. ఇప్పుడు అరచేతిలో పట్టేంత లిథియం డబ్బా వాడుతున్నాను. రెండింటితోనూ పడ్డ అనుభవంతో చెబుతున్నాను.

ఆ యాంప్స్ అంకె సంగతి

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో రాసేది పీక్ యాంప్స్ (యాంప్ అన్నా ఆంపియర్ అన్నా ఒకటే). అంటే కన్నుమూసి తెరిచేంతలో వచ్చి పోయే కరెంటు. దాన్ని ఎన్ని వోల్టుల దగ్గర, ఎంతసేపు కొలవాలో అన్ని కంపెనీలూ పాటించే ఒకే కొలత లేదు. అందుకే ఎవరికి తోచిన అంకె వాళ్లు వేస్తారు. కారు బ్యాటరీ మీద ఉండే సీసీఏ (కోల్డ్ క్రాంకింగ్ యాంప్స్, అంటే చలిలో ఇంజిన్‌ను తిప్పే కరెంటు) అలా కాదు. మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ చలిలో 30 సెకన్ల పాటు, వోల్టేజీ 7.2 కంటే కిందికి పడకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో అదే ఆ అంకె. జంప్ స్టార్టర్ మీది 2000ను, బ్యాటరీ మీది 500ను పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు.

ఇంజిన్‌కు నిజంగా ఎంత కావాలి? చిన్న పెట్రోల్ ఇంజిన్ తిరుగుతున్నప్పుడు సెల్ఫ్ మోటారు సుమారు 100 నుంచి 150 ఆంపియర్లు తీసుకుంటుంది. మీలాంటి డీజిల్ అయితే 200 నుంచి 300 వరకూ పోతుంది. నిశ్చలంగా ఉన్న మోటారు కదిలే తొలి క్షణంలో ఇంకా ఎక్కువ లాగుతుంది. డీజిల్‌కు ఎందుకు ఎక్కువ కావాలంటే, అందులో గాలిని నొక్కే నిష్పత్తి పెట్రోల్ కంటే బాగా ఎక్కువ. మోటారు మీద అంత బరువు పడుతుంది. పైగా స్టార్ట్‌కు ముందు ఇంజిన్ లోపల వేడి పుట్టించే గ్లో ప్లగ్గులు కూడా అదే బ్యాటరీ నుంచి కరెంటు తాగుతాయి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూడండి. 250 ఆంపియర్లు, 10 వోల్టులు, 3 సెకన్లు. మూడూ గుణిస్తే 7,500 జౌల్స్. అంటే దాదాపు 2 వాట్ అవర్లు. ఒక్క స్టార్ట్‌కు ఖర్చయ్యేది ఇంతే. 74 వాట్ అవర్ల డబ్బాలో దానికి ముప్పై రెట్లకు పైగా నిల్వ ఉంటుంది. కాబట్టి నిల్వ చాలదేమోనన్న భయం అక్కర్లేదు. ఆ నిల్వను ఒక్కసారిగా బయటికి తోయగలదా లేదా అన్నదే ప్రశ్న. దానికి లోపలి సెల్స్ సైజు, నాణ్యత, కేబుళ్ల మందం ముఖ్యం.

మరి వాట్ అవర్లు ఎందుకు చూడమన్నాను? లోపల సెల్స్ ఎంత పెద్దవో చెప్పే కొలత అదే కాబట్టి. డబ్బా మీది ప్రచారపు అంకెలన్నిటిలో నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను. ఉదాహరణకు ఒక డబ్బా మీద 8,000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు) అనీ, 2000 యాంప్స్ అనీ రాసి ఉందనుకోండి. ఆ ఎంఏహెచ్‌ను మామూలుగా ఒక్కో సెల్ వోల్టేజీ, అంటే 3.7 దగ్గర లెక్కేస్తారు. 8 ఆంపియర్ అవర్లను 3.7తో గుణిస్తే 29.6 వాట్ అవర్లు. లోపల మూడు సెల్స్ వరసగా కలిపితే 11.1 వోల్టులు, కాబట్టి మిగిలేది సుమారు 2.7 ఆంపియర్ అవర్లు. అంత చిన్న మూట నుంచి 2000 ఆంపియర్లు అంటే దాని సామర్థ్యానికి 750 రెట్లు. నిజమైన ఇంజిన్ దగ్గర అది జరిగే పని కాదు. అదే 20,000 ఎంఏహెచ్ అయితే 74 వాట్ అవర్లు, 11.1 వోల్టుల దగ్గర 6.7 ఆంపియర్ అవర్లు. దాన్నుంచి 250 ఆంపియర్లు అడిగితే 37 రెట్లు. మంచి సెల్స్ కొద్ది సెకన్ల పాటు ఇది ఇవ్వగలవు.

కొనేటప్పుడు పీక్ యాంప్స్ పక్కన స్టార్టింగ్ యాంప్స్ లేదా క్రాంకింగ్ యాంప్స్ అని విడిగా ఇచ్చారేమో చూడండి. ఆ అంకె 300కు పైన ఉంటే మీకు సరిపోతుంది. వాట్ అవర్లు ఎక్కడా రాయని డబ్బాను నేనైతే ముట్టుకోను.

కేబుళ్లు, క్లాంపులు

దీన్ని ఎవరూ చూడరు. నేను మాత్రం మొదట చూసేది ఇదే. కేబులు, క్లాంపు, వాటి అతుకులు అన్నీ కలిపి 0.01 ఓం నిరోధం ఉందనుకోండి. 200 ఆంపియర్లు పారితే దారిలోనే 2 వోల్టులు పోతాయి. డబ్బా 11 వోల్టులు ఇస్తున్నా సెల్ఫ్ మోటారుకు చేరేది 9. దానికి తోడు కారు టెర్మినల్ మీద తెల్లటి బూజు పేరుకుని ఉంటే ఇంకో వోల్టు పోతుంది. ఇంజిన్ మూలుగుతుంది కానీ అందుకోదు. జనం డబ్బాను తిడతారు, తప్పు మాత్రం దారిలో ఉంటుంది.

కాబట్టి కేబులు పొట్టిగా, లావుగా ఉండాలి. అల్యూమినియం మీద రాగి పూత వేసిన తీగ వద్దు, పూర్తి రాగి కావాలి. క్లాంపు రెండు దవడలూ లోహంతోనే ఉండి, రెండింటినీ కలుపుతూ అల్లిన రాగి పట్టీ ఉంటే మంచిది. చవకరకం క్లాంపుల్లో ఒక దవడకు మాత్రమే కేబులు కలిపి ఉంటుంది. రెండోది ఊరికే పట్టుకోవడానికే. నోరు బాగా తెరుచుకోవాలి, స్ప్రింగు గట్టిగా పట్టాలి.

స్మార్ట్ క్లాంపు అంటే కేబుల్ మధ్యలో చిన్న పెట్టె ఉండి, ప్లస్ మైనస్ తారుమారైతే, క్లాంపులు ఒకదానికొకటి తగిలితే కరెంటు వదలకుండా ఆపుతుంది. ఇంజిన్ స్టార్టయ్యాక కారు నుంచి కరెంటు వెనక్కి డబ్బాలోకి రాకుండా కూడా చాలావాటిలో అడ్డుకుంటుంది. ఇది లేనిది ఎంత తక్కువకు వచ్చినా తీసుకోవద్దు.

టార్చి ఉంటే మంచిదే. చీకట్లో బానెట్ ఎత్తినప్పుడు పనికొస్తుంది. ఫోన్ ఛార్జింగ్ కూడా సరే. టైర్లకు గాలి కొట్టే పంపు కలిపి ఇచ్చేవి మాత్రం నాకు నచ్చవు. గాలి కొట్టడానికి నిల్వంతా వాడేసి, అవసరమైనప్పుడు సెల్ఫ్‌కు కరెంటు లేక నిలబడ్డవాళ్లను చూశాను. రెండు పనులకు రెండు పనిముట్లు ఉంటేనే మేలు.

ఏ రకం?

ఇప్పుడు మూడు రకాలు దొరుకుతున్నాయి. లెడ్ యాసిడ్ డబ్బా బరువు. గ్యారేజీలో ఒకచోట ఎప్పుడూ ప్లగ్గుకు తగిలించి ఉంచుకునేవాళ్లకు ఇప్పటికీ అదే మొండి పనిముట్టు. కానీ ఛార్జింగ్ లేకుండా కొన్ని నెలలు వదిలేస్తే లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడి పాడైపోతుంది. మీకు అది వద్దు.

లిథియంలో రెండు జాతులు. మామూలుగా వచ్చేవాటిలో ఒక్కో సెల్ 3.7 వోల్టులు ఉంటుంది. తేలిక, చిన్నది, కానీ వేడికి త్వరగా నీరసిస్తుంది. రెండోది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఒక్కో సెల్ 3.2 వోల్టులు, నాలుగు కలిపితే 12.8. కాస్త బరువు, కాస్త పెద్దది, కానీ వేడిని బాగా ఓర్చుకుంటుంది, ఎక్కువ ఏళ్లు వస్తుంది. దొరికితే ఇదే తీసుకోమంటాను. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో సెల్ వోల్టేజీ చూస్తే ఏ జాతో తెలిసిపోతుంది.

మూడోది సూపర్ కెపాసిటర్ రకం. ఇందులో బ్యాటరీ ఉండదు. దిగిపోయిన మీ కారు బ్యాటరీలో మిగిలిన కొద్దిపాటి కరెంటునే కొన్ని నిమిషాల్లో పీల్చుకుని, ఒక్కసారిగా తిరిగి ఇస్తుంది. నెలల తరబడి ఛార్జ్ చేయకుండా వదిలేసినా పాడవదు, ఎండకూ చలికీ తట్టుకుంటుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి ఉంటే మాత్రం ఇంకో కారు నుంచో, యూఎస్‌బీ నుంచో దాన్ని ముందు నింపాలి. ఒక్క ప్రయత్నం విఫలమైతే మళ్లీ నింపేదాకా ఆగాలి. మూడు నెలలకోసారి ఛార్జ్ చేయడం నా వల్ల కాదు అని మీకు మీరే గట్టిగా అనుకుంటే ఇదే మీకు సరైనది. ఇది మనిషి స్వభావాన్ని బట్టి తీసుకోవాల్సిన నిర్ణయం, అందులో తప్పేమీ లేదు.

అసలు కష్టం కొన్న తర్వాతే

ఒకాయన నన్ను రాత్రిపూట పిలిచారు. వెళ్లేసరికి చేతిలో మంచి కంపెనీ జంప్ స్టార్టర్ ఉంది. కొని ఏడాదిన్నర అయిందట. ప్యాకింగ్ విప్పి సీటు కింద పెట్టారు, మళ్లీ ముట్టుకోలేదు. నాలుగు లైట్లలో ఒక్కటే వెలుగుతోంది. క్లాంపులు పెట్టి సెల్ఫ్ కొడితే ఆ ఒక్కటీ ఆరిపోయింది. విప్పి చూస్తే డబ్బా ఒకవైపు కొద్దిగా ఉబ్బి ఉంది. వెనకసీట్లో నిద్రపోతున్న పిల్లలు, చుట్టూ చీకటి. వస్తువు మంచిదే, డబ్బులూ పెట్టారు, అయినా ఆ రోజుకు అది లేనట్టే అయింది. ఇలాంటివి ఇన్ని చూశాక ఏది కొనాలని ఎవరడిగినా, ఎలా ఉంచుకుంటారో చెప్పండి అని ముందు నేనే అడుగుతున్నాను.

లిథియం సెల్ ఊరికే ఉన్నా కొద్దికొద్దిగా దిగుతుంది. దానికి తోడు డబ్బాలోని సర్క్యూట్ కొంత తింటుంది. మూడు నెలలకు ఒకసారి చూసి నింపితే ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మీ ఫోన్లో రిమైండర్ ఇప్పుడే పెట్టుకోండి. నేనైతే డబ్బా మీద తెల్ల టేపు అంటించి, ఛార్జ్ చేసిన తేదీ పెన్నుతో రాస్తాను. చేతిలోకి తీసుకోగానే తెలిసిపోతుంది.

ఎంత నింపాలి? సెల్ ఆయుష్షు కోసమైతే సగం ఛార్జ్‌తో చల్లని చోట ఉంచడం మంచిది. కానీ ఇది ఆపదలో వాడేది. సగం ఛార్జ్‌లో ఉన్న డబ్బా డీజిల్ ఇంజిన్‌ను తిప్పలేకపోవచ్చు, ఎందుకంటే నిల్వ తగ్గితే వోల్టేజీ కూడా తగ్గుతుంది. నేను పూర్తిగా నింపి ఉంచుతాను. దానివల్ల ఒకటి రెండేళ్ల ఆయుష్షు తగ్గినా పర్వాలేదు. లైట్లు చూపించే డబ్బా అయితే ఒక్క లైటు తగ్గినా నింపేయండి. శాతం అంకెల్లో చూపించేది దొరికితే ఇంకా మేలు. నాలుగు లైట్లలో మూడు వెలిగితే 75 శాతమో, 51 శాతమో తెలియదు కదా.

వాడిన ప్రతిసారీ ఇంటికి చేరగానే ఛార్జింగ్ పెట్టండి. ఫోన్ కోసం వాడినా సరే. ఈ అలవాటు లేకే చాలామంది ఇబ్బంది పడతారు. ఒక సంగతి గుర్తుంచుకోండి, 5 వోల్టులు 2 ఆంపియర్ల మామూలు ఛార్జర్ ఇచ్చేది 10 వాట్లే. 74 వాట్ అవర్ల డబ్బాను నింపడానికి ఎనిమిది గంటల పైనే పడుతుంది. అరగంట పెట్టి తీసేసి నిండిందనుకోవద్దు. త్వరగా నిండాలంటే టైప్ సీ ద్వారా 30 వాట్లో 60 వాట్లో తీసుకునేది కొనండి.

కార్లో ఉంచొచ్చా అంటే: ఎండలో మూసి నిలిపిన కారు లోపల 60 డిగ్రీల సెల్సియస్ దాటడం వింతేమీ కాదు. డ్యాష్‌బోర్డ్ మీద ఇంకా ఎక్కువ. పూర్తి ఛార్జ్, పైగా వేడి, రెండూ కలిస్తే లిథియం సెల్ చాలా త్వరగా ముసలిదవుతుంది. కాబట్టి కారు నీడలో ఉంటే డిక్కీలో, స్పేర్ టైరు గుంటలో కేసులో పెట్టి ఉంచొచ్చు. డ్యాష్‌బోర్డ్, వెనక అద్దం కింద ఎప్పుడూ వద్దు. ఎండలోనే రోజంతా ఉండే కారైతే ఇంట్లో పెట్టుకుని, దూరప్రయాణానికి బయల్దేరినప్పుడు వెంట తీసుకెళ్లండి. అయితే తాళం సంగతి ఆలోచించండి. డబ్బాను డిక్కీలో పెట్టి, బ్యాటరీ చచ్చాక బటన్‌తో మాత్రమే తెరుచుకునే డిక్కీ ముందు నిలబడ్డవాళ్లను నేను చూశాను. మీ డిక్కీకి తాళంచెవి రంధ్రం లేకపోతే కారు లోపలే, ముందు సీటు కింద నీడలో ఉంచండి.

గడ్డకట్టే చలి ఉన్న చోట్ల ఇంకో జాగ్రత్త. సున్నా డిగ్రీల కింద లిథియం డబ్బాను ఛార్జ్ చేయకూడదు, లోపల లిథియం లోహంగా పేరుకుని సెల్ పాడవుతుంది. వాడేముందు కాసేపు కోటు లోపల పెట్టుకుని వెచ్చబరచండి. మొదటి ప్రయత్నంలో నీరసంగా తిప్పినా, ఆ కరెంటు పారిన వేడికే రెండోసారి మెరుగ్గా తిప్పుతుంది.

ఉబ్బిన డబ్బా, పగిలిన డబ్బా, ఛార్జ్ చేస్తున్నప్పుడు చేయి కాలేంత వేడెక్కే డబ్బా ఏదైనా సరే ఇక వాడకండి. గుచ్చకండి, మామూలు చెత్తలో వేయకండి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. మనసొప్పక ఇంకొక్కసారి చూద్దాం అనుకోవద్దు. ఆ ఒక్కసారికే నిప్పంటుకోవచ్చు.

వాడే పద్ధతి

కారు పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో, హ్యాండ్ బ్రేక్ వేసి, తాళంచెవి బయటికి తీసి ఉండాలి. లైట్లు, ఏసీ, పాటలు అన్నీ కట్టేయండి. బ్యాటరీ పగిలి ఉందా, ఉబ్బిందా, కారుతోందా, గడ్డకట్టిందా చూడండి. నీరసించిన బ్యాటరీలో యాసిడ్ నీళ్లలా పలచబడి, సున్నాకు కొన్ని డిగ్రీల కిందే గడ్డకడుతుంది. ఇవేవి ఉన్నా జంప్ ఇవ్వకండి, పేలే ప్రమాదం ఉంది.

ఎర్ర క్లాంపు ముందు ప్లస్‌కు. తర్వాత నల్ల క్లాంపు ఇంజిన్ మీద పెయింటు లేని లోహపు భాగానికి, లేదా కారు పుస్తకంలో చూపిన ఎర్త్ పాయింట్‌కు. నేరుగా మైనస్ టెర్మినల్‌కు ఎందుకు వద్దంటానంటే, లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, గాలిలో 4 శాతం చేరినా నిప్పురవ్వకు అంటుకుంటుంది. రవ్వ ఎగిరేది చివరి క్లాంపు తగిలించేటప్పుడే. ఈ మధ్య కార్లలో మైనస్ టెర్మినల్ మీద బ్యాటరీ సెన్సర్ కూడా ఉంటోంది, బాడీకి పెడితే దాని లెక్క తారుమారు కాదు. కొన్ని డబ్బాల కేబుళ్లు పొట్టిగా ఉండి టెర్మినల్స్‌కే అందుతాయి. అలాగైతే డబ్బాతో వచ్చిన పుస్తకం చెప్పినట్టే చేయండి.

క్లాంపులు బిగిశాక డబ్బాకు ప్లగ్గు పెట్టి, పచ్చలైటు వచ్చాక స్టార్ట్ చేయండి. మీది డీజిల్ కాబట్టి గ్లో ప్లగ్గు లైటు ఆరేదాకా ఆగండి. సెల్ఫ్ 3 నుంచి 5 సెకన్లకు మించి కొట్టకండి. అందుకోకపోతే కనీసం అరనిమిషం ఆగి మళ్లీ. మూడు ప్రయత్నాలకు కాకపోతే ఆపేయండి. అక్కడితో తప్పు బ్యాటరీది కాకపోవచ్చు. స్టార్టయ్యాక అరనిమిషంలోపు ప్లగ్గు తీసి, నల్ల క్లాంపు, తర్వాత ఎర్రది తీసేయండి. కారు ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుంటే కరెంటు పుట్టించే భాగం) 14 వోల్టులకు పైగా ఇస్తుంది. మూడు సెల్స్ డబ్బా నిండితే 12.6 వోల్టులే. వెనక్కి వచ్చే కరెంటును ఆపే రక్షణ లేనిదాన్ని తగిలించి వదిలేస్తే అది మితిమీరి నిండుతుంది.

బూస్ట్ లేదా ఓవర్‌రైడ్ బటన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కారు బ్యాటరీ రెండు మూడు వోల్టులకు పడిపోతే స్మార్ట్ క్లాంపు అక్కడ బ్యాటరీ ఉందనే గుర్తించదు. అప్పుడు ఈ బటన్ నొక్కమంటారు. అది నొక్కితే రక్షణలన్నీ పక్కకు పోయి కరెంటు నేరుగా వెళ్తుంది. ఒక కుర్రాడు చీకట్లో, వర్షంలో కంగారుగా క్లాంపులు తారుమారు పెట్టాడు. డబ్బా ఎర్రలైటు వేసి మొత్తుకుంటుంటే, బ్యాటరీ బాగా చచ్చిపోయిందనుకుని బూస్ట్ నొక్కాడు. ఆల్టర్నేటర్ డయోడ్లు, మెయిన్ ఫ్యూజు పోయాయి. ఎర్రలైటు వస్తే ముందు క్లాంపులు తీసి, ప్లస్ గుర్తు వేలితో తడిమి చూసుకుని మళ్లీ పెట్టండి. టెన్షన్‌లో ఉన్నప్పుడు ఆ బటన్ జోలికి పోకండి.

ఇంకో రెండు మాటలు. ఇంజిన్ నడుస్తుండగా కారు బ్యాటరీ టెర్మినల్ ఎప్పుడూ ఊడదీయకండి, వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి కంప్యూటర్లు పోతాయి. 24 వోల్టుల లారీలకు ఈ 12 వోల్టుల డబ్బా పెట్టకండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో కూడా చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, అది దిగితే తలుపులు, కంప్యూటర్ పనిచేయవు. దానికి జంప్ ఇవ్వొచ్చో లేదో, ఎక్కడ ఇవ్వాలో ఆ కారు పుస్తకం చూడండి. నారింజ రంగు కేబుళ్లు మాత్రం ముట్టుకోవద్దు. విమానంలో వెళ్తుంటే మామూలుగా 100 వాట్ అవర్ల లోపు డబ్బాను చేతిసంచిలోనే తీసుకెళ్లాలి, చెక్ ఇన్ సామానులో వేయకూడదు. నేను 75 లోపు చాలన్నదానికి ఇదీ ఒక కారణం. కొన్ని విమాన సంస్థలు జంప్ స్టార్టర్లను ససేమిరా ఒప్పుకోవు కాబట్టి ముందే అడగండి.

మీ కారు సంగతి

స్టార్టయ్యాక ఐదు నిమిషాలు తిప్పి ఆపేస్తే మళ్లీ అదే కథ. కనీసం అరగంట నడపాలి. అయినా బాగా దిగిన బ్యాటరీ అరగంటలో నిండదు, ఆల్టర్నేటర్ పని ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీని అలాగే నిలబెట్టడం. ఒక రాత్రంతా మామూలు బ్యాటరీ ఛార్జర్‌కు పెట్టడమే సరైన పద్ధతి.

ఇప్పుడు రెండుసార్లు ఎందుకు దిగిందో చూద్దాం. తాళం వేసిన కారు కూడా అలారం, కంప్యూటర్ల కోసం కొద్దిగా కరెంటు తింటుంది. అన్నీ నిద్రపోయాక 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే మామూలే. అంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, పది రోజులకు 12. మీది 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అనుకుంటే అయిదో వంతు. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ దీన్ని సులువుగా తట్టుకుంటుంది. అదే 300 మిల్లీ ఆంపియర్లు పోతుంటే రోజుకు 7.2, వారానికి 50. ఏ కొత్త బ్యాటరీ అయినా చచ్చిపోతుంది. పార్కింగ్ మోడ్‌లో పెట్టిన డ్యాష్‌క్యామ్, తర్వాత బిగించిన మ్యూజిక్ సిస్టమ్, ఆరని డిక్కీ లైటు, ఇవి నేను పదే పదే పట్టుకునే దొంగలు.

ఒక మామూలు మల్టీమీటర్ తెచ్చుకోండి. జంప్ స్టార్టర్ కంటే ముందు అదే కొనమంటాను. రాత్రి బ్యాటరీని ఛార్జర్‌తో నింపి, పొద్దున సెల్ఫ్ కొట్టకముందు బ్యాటరీ రెండు కొనల మధ్య వోల్టేజీ చూడండి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతే. తర్వాత ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని, తిరుగుతున్నప్పుడు చూడండి. మామూలు వాతావరణంలో 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీ నీరసించినట్టే. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.7 మధ్య ఉండాలి, 13 కూడా దాటకపోతే ఆల్టర్నేటర్ వైపు చూడాలి. టెర్మినల్స్ మీద తెల్లటి, పచ్చటి పొడి ఉంటే ఇంజిన్ ఆపి, మైనస్ ముందు విప్పి, గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి కడిగి, ఆరబెట్టి బిగించండి. చాలా కార్లు అక్కడికే లేచి కూర్చుంటాయి.

నింపిన తర్వాత పొద్దున 12.6 ఉండి, కారు కదపకుండా మూడు రోజులకే 12.2కు పడితే ఎక్కడో కరెంటు కారుతోంది, లేదా బ్యాటరీ తనలో తానే దిగిపోతోంది. రెండింటినీ వేరు చేయడానికి ఇంకోసారి నింపి, మైనస్ టెర్మినల్ ఊడదీసి మూడు రోజులు అలాగే ఉంచండి. కారుకు రేడియో కోడ్ లాంటివి ఉంటే ముందే రాసి పెట్టుకోండి. ఊడదీసినా పడిపోతే బ్యాటరీ మార్చాల్సిందే. పడకపోతే కారులో దొంగ ఉన్నాడు. అన్నీ బాగానే ఉండి, తక్కువ వాడకమే కారణమని తేలితే, పార్కింగ్ దగ్గర ప్లగ్గు పాయింటు ఉన్నవాళ్లకు ట్రికిల్ ఛార్జర్ చాలా మంచిది. కరెంటు కొద్దికొద్దిగా ఇస్తూ, నిండాక తనే తగ్గించుకునేది తీసుకోండి.

బ్యాటరీ వయసెంత, అది కొన్నాక కారులో కొత్తగా ఏమేం బిగించారు, పైన చెప్పిన మూడు రీడింగులు ఎంతెంత వచ్చాయి, ఇవి రాయండి. అంకెలు చూశాక మీకు 60 వాట్ అవర్ల డబ్బా కావాలో, కొత్త బ్యాటరీ కావాలో, లేక ఒక ఫ్యూజు పీకితే సరిపోతుందో చెబుతాను.